రెండంగుళముల కొరత

భాగవతము దశమస్కంధములో కృష్ణుని రోటికి కట్టిన కథ ఎరుగని తెలుగువారు ఉండరు. పాఠశాలలో ఈ ఘట్టమును చెప్పునపుడు మనము బాలుని అల్లరిని గూర్చియు, త్రాటికి లొంగని భగవత్తత్త్వమును గూర్చియు చెప్పి ముగింతుము. తల్లి సంగతి అంతగా చెప్పము. కథను మొదటినుండి నెమ్మదిగా చదివినచో అది పసిబిడ్డ గల ఒక ఇల్లాలి ఉదయకాలపు వృత్తాంతమే. ఆనాడు ఇంటి దాసీజనము వేరు పనులలో ఉండిరి. యశోద తానే కవ్వము పట్టి, కొడుకు చేష్టలను పాటగా పాడుకొనుచు పెరుగు చిలుకుచుండెను. ఇంతలో బిడ్డ పాలకై వచ్చి కవ్వమును పట్టుకొనెను. ఒడిలోనికి తీసికొని పాలిచ్చుచుండగా పొయ్యిమీది పాలు పొంగెను. బిడ్డను దించి పరుగెత్తెను. తిరిగి వచ్చునప్పటికి కుండ పగిలియున్నది, బిడ్డ కనబడడు. తరువాత వెదకుట, తరుముట, పట్టుకొనుట, కట్టబోవుట. ఎన్ని త్రాళ్ళు ముడివేసినను రెండంగుళములు తక్కువ.

చెమట పట్టి, కొప్పు వీడి, తలలోని పూలు రాలి ఆమె నిలువగా, కృష్ణుడు తల్లి శ్రమను చూచి జాలిపడి తానే కట్టుబడెనని పురాణము చెప్పుచున్నది. వ్యాఖ్యాతలు ఆ రెండంగుళములలో ఒకటి భక్తుని ప్రయత్నమనియు, రెండవది భగవంతుని కృపయనియు వివరించిరి. ఆ అర్థమును నేను కాదనను. కాని చిన్నపిల్లలను పెంచుచున్న ఏ తల్లినైనను అడిగి చూడుడు. ఆమె దినము ఎప్పుడును రెండంగుళములు తక్కువగనే ఉండును.

ఇటీవల పత్రికలలోను, టెలివిజనులోను, సెల్‌ఫోనులలోను పసిపిల్లల తల్లిదండ్రులకు హితబోధలు విరివిగా వచ్చుచున్నవి. మిమ్ము మీరు చూచుకొనుడు, దినమునకు ఐదు నిమిషములు చాలును అనునది వాని సారము. దీనికి స్వీయసంరక్షణ అని పేరు పెట్టినారు. మాట ఆంగ్లమునుండి దిగుమతియైనది. వినుటకు పోలీసు శాఖవారి ప్రకటనవలె ఉన్నది. మన ఇండ్లలో దీనికి వాడుమాటలు వేరు: నడుము వాల్చుట, కునుకు తీయుట, సేదదీరుట, కాస్త ఊపిరి పీల్చుకొనుట. వీనితోపాటు తీరిక అని ఒక మాట కలదు. నన్ను ఎక్కువగా ఆలోచింపజేయునది ఆ మాటయే.

తీరిక అనునది తీరు అను క్రియనుండి వచ్చినది. పని తీరినప్పుడు కలుగునది తీరిక. పొలము పనికి, పెండ్లి పనికి, పరీక్షాపత్రములు దిద్దు పనికి ఈ మాట చక్కగా సరిపోవును. కోత ముగియును, పందిరి విప్పుదురు, పత్రముల కట్ట అడుగంటును. పసిబిడ్డ పనికి మాత్రము తీరుట అనునది లేదు. అప్పుడే పుట్టిన శిశువు దినమునకు 8 నుండి 12 మారులు పాలు త్రాగును. 14 నుండి 17 గంటలవరకు నిద్రించును గాని ఆ నిద్ర తునకలు తునకలుగా ఉండును. తల్లికి ఏకధాటిగా మూడు గంటల నిద్ర దొరకిన రాత్రి భాగ్యము గల రాత్రి. బిడ్డ నడక నేర్చిన తరువాత కావలి పని మొదలగును. మాటలు వచ్చిన తరువాత జవాబులు చెప్పు పని. పని కానిచ్చి కూర్చుందునని అనుకొను తల్లి ఎన్నటికిని కూర్చుండదు. కనుక పసిపిల్లల తల్లిదండ్రులు తీరికకై వేచియుండరాదు. పని తీరకుండగనే, ఆ రెండంగుళముల కొరత అట్లుండగనే, నడుమ ఆగవలెను. నేను చెప్పదలచిన మొదటి సంగతి ఇది. రెండవది ఇంతకంటె కష్టమైనది. దానిని కొంచెము ఆగి చెప్పుదును.

బిడ్డ కన్ను మూసినంతనే తల్లి అంట్లు తోముటకు లేచుట మన ఇండ్లలో బలమైన అలవాటు. ఆ గడియమీద మొదటి హక్కు అంట్లది కాదు. పగటి వేళ బిడ్డ మూడుమారులు నిద్రించునని అనుకొందము. అందు మొదటి నిద్ర తల్లి నడుమునకు చెందవలెను. తక్కిన రెండింటిని ఇల్లు పంచుకొనవచ్చును. ఇరువది నిమిషముల కునుకు రాత్రి నిద్రకు సాటి రాదు గాని, సాయంకాలము ఒక కసురును తప్పించుటకు చాలును. పాలిచ్చుటకు కూర్చుండునపుడు చేతికందు దూరమున ఒక చెంబెడు నీరు పెట్టుకొనుట మరియొకటి. పాలిచ్చు తల్లికి దాహము ఎక్కువ. లేచి పోయి త్రాగుటకు వీలుండదు. ఇవి చిన్న సంగతులని పెదవి విరువవలదు. మా అధ్యాపకుల గదిలో ఏడాది బిడ్డ గల యువతి ఒకతె మధ్యాహ్నము డబ్బా విప్పుచు, అన్నము కూర్చుండి తినునది ఈ కళాశాలలోనే, ఇంటివద్ద తినునది నిలువుకాళ్ళమీదనే అని నవ్వుచు చెప్పినది. గదిలోని స్త్రీలందరు నవ్విరి. పురుషులలో ఒకరిద్దరు తమ డబ్బాలవైపు చూచుకొనిరి.

ఇక ఊపిరి సంగతి. గాలి లోనికి తీయుటకంటె బయటికి విడుచుట నెమ్మదిగా, దీర్ఘముగా సాగినచో గుండె వేగము తగ్గి మనస్సు కుదుటపడునని శరీరశాస్త్రజ్ఞులు చెప్పుదురు. ఇందుకొరకు చాపలు పరచి శిక్షకులను పిలువనక్కర లేదు. జోలపాట పాడు తల్లి చేయునది సరిగా ఇదియే. చరణము ముగియువరకు ఊపిరి నెమ్మదిగా విడిచి, తిరిగి చిన్నగా పీల్చి, మరల దీర్ఘముగా సాగదీయుట. జోలపాట బిడ్డను నిద్రపుచ్చుటకని మాత్రమే మనము తలంతుము. పాడువారి అలుపు కూడ దానివలన తీరును. మన జానపదుల జోలపాటలలో పసివానికి అర్థము కాని మాటలెన్నియో ఉన్నవి. మేనమామ రాక, పుట్టింటి తలపు, తల్లి మనసులోని దిగులు. బిడ్డకు వినబడునది రాగము. మాటలు తల్లి తనకు తాను చెప్పుకొనునవి. యశోదయు చిలుకుచు పాడెనని పైన చెప్పితిని గదా! నేడు ఉయ్యాల ప్రక్కన సెల్‌ఫోను పెట్టి అందులో పాట మ్రోగించుచున్నారు. బిడ్డ నిద్రించును. తల్లి అలుపు తల్లియొద్దనే ఉండిపోవును. గొంతు బాగుండదని పాడుట మానినవారికి ఒక మాట: నాలుగు నెలల శ్రోత సంగీత విమర్శకుడు కాడు.

పెద్దలు సాధారణముగా మాటాడని గడియ ఒకటి కలదు. శిశువు ఏడ్పు పుట్టినది మొదలు పెరుగుచు, ఇంచుమించు ఆరవ వారమున మిక్కుటమై, మూడు నాలుగు నెలలకు తగ్గుముఖము పట్టును. ఆ నడిమి వారములలో ఒకనాటి సాయంకాలము, పాలిచ్చినను, బట్ట మార్చినను, భుజమున వేసికొని తిరిగినను ఏడ్పు ఆగనపుడు, ఎంత మెత్తని మనస్సు గలవారికైనను చేతులలోనికి కోపము దిగును. ఇది దుర్మార్గము కాదు; నిద్ర లేమి. అయినను ఆ చేతులు బిడ్డ భుజములను పట్టి కుదిపినచో జరుగునది ఘోరము. పసివాని తల బరువు. మెడ బలము లేనిది. కుదుపునకు మెదడులోని రక్తనాళములు తెగవచ్చును, చూపు పోవచ్చును, ప్రాణమే పోవచ్చును. ఉయ్యాల ఊపుట వేరు, కుదుపుట వేరు. జ్వరము, నొప్పి, ఆకలి లేవని చూచుకొని, బిడ్డను ఉయ్యాలలో వెల్లకిల పరుండబెట్టి, తాను ప్రక్కగదిలోనికో వసారాలోనికో పోయి ఐదు నిమిషములు నిలుచుట తప్పు కాదనియు, అదియే చేయవలసినదనియు వైద్యులు చెప్పుచున్నారు. ముఖము కడుగుకొని, నాలుగు దీర్ఘనిశ్వాసములు విడిచి తిరిగి రావచ్చును. ఐదు నిమిషముల ఏడ్పువలన బిడ్డకు హాని లేదు. యశోదయు బెత్తము పట్టినదే. బిడ్డ బెదురును చూచి దానిని పారవేసెను. పారవేయుటకు పట్టిన ఆ క్షణము తల్లికి దొరకవలెను. అలసినవారికి అది తనంత తాను దొరకదు.

ఇంతవరకు చదివిన తల్లి ఒకతె నన్ను ఇట్లు అడుగవచ్చును: ‘బాగుగనే చెప్పితిరి. ఆ ఐదు నిమిషములు బిడ్డనెవరు ఎత్తుకొందురు?’

నేను తరువాత చెప్పుదునన్న రెండవ సంగతి ఇదియే. హితబోధకులు ఐదు నిమిషములను తల్లి తనకు తానే ఇచ్చుకొనవలెనందురు, ఆమె కొంగున అవి ముడివేసియున్నట్లు. ఆమె చేతిలో బిడ్డ ఉన్నంతసేపు ఆమెకు నిమిషములు లేవు. మరియొకరు చేతులు చాచినప్పుడే అవి పుట్టును. అడుగనిదే అమ్మయినను పెట్టదని సామెత. అడిగినను అమ్మకు పెట్టువారెవరో సామెత చెప్పలేదు.

పూర్వము దీనికొక ఏర్పాటు ఉండెను. తొలికాన్పు పుట్టింట జరుగును. బిడ్డతో సారెతో మూడవ నెలలోనో ఐదవ నెలలోనో అత్తవారింటికి పంపుదురు. ఆ నెలలలో బిడ్డను కాళ్ళపై పరుండబెట్టుకొని నూనె రాచి, సున్నిపిండి నలచి, నీళ్ళు పోసి సాంబ్రాణి పట్టుటకు అమ్మమ్మయో, మంత్రసానియో, పొరుగింటి ముసలమ్మయో ఉండెడిది. బాలింతకు వేడినీళ్ళు, కాయము, నిద్ర. ఆ కాలమును తలచుకొని కన్నీరు పెట్టుకొనువారున్నారు. నేను వారిలో చేరను. గాలి చొరని గదులు, దాహమైనను నీరు పోయని పథ్యములు కూడ ఆ ఏర్పాటులోనివే. ఇంకొక సంగతి. స్త్రీకి విశ్రాంతియని చెప్పి విశ్రాంతినిచ్చుటకు మన సంఘమునకు మనసొప్పలేదు. పురిటి మైలయని పేరు పెట్టి ఇచ్చినది. అంటరాదు కనుక వంటింటికి పోనక్కర లేదు. ఏ పేరుతోనైననేమి, పది దినములు దొరకినవి. కూలికి పోవు తల్లికి ఆ మైలయు సరిగా దొరకలేదు. చెట్టుకొమ్మకు పాతచీర ఉయ్యాల కట్టి, చెవి అటుంచి, వంగి నాట్లు వేసినది ఆమె.

నేడు మైల పోయినది, మంచిదే. దానితో వచ్చిన చేతులు కూడ పోయినవి. హైదరాబాదులోనో, విజయవాడలోనో అపార్ట్‌మెంటు నాలుగవ అంతస్తున భార్యాభర్తలు ఇద్దరు, బిడ్డ. అమెరికాలోని తెలుగు ఇండ్లలో కాన్పునకు అమ్మ పోవును; ఆమె ఆరు నెలల అనుమతి ముగియు వేళకు అత్త విమానము దిగును; ఆమెయు తిరిగి వచ్చిన తరువాత ఇల్లు ఒక్కసారిగా నిశ్శబ్దమగును. ఆ నిశ్శబ్దమున మిగిలియున్న రెండు చేతులు తండ్రివి.

తండ్రి చేతుల లెక్క ఒకటి కలదు. జాతీయ గణాంక కార్యాలయము 2019లో జరిపిన కాలవినియోగ సర్వేలో, జీతము లేని ఇంటిపనులకు స్త్రీలు దినమునకు సగటున 299 నిమిషములును, పురుషులు 97 నిమిషములును వెచ్చించిరని తేలినది. ఇంటిలోని పిల్లలను, వృద్ధులను, రోగులను చూచుకొనుటలో స్త్రీలకు 134 నిమిషములు, పురుషులకు 76. ఆ 97ను చూచి పురుషులు మురియరాదు. ఇంటిపనిలో చేయి పెట్టినవారిని మాత్రమే లెక్కించగా వచ్చిన సగటు అది. అట్టి పురుషులు నూటికి 26 మంది. స్త్రీలు నూటికి 81 మంది.

చట్టము కూడ తల్లివైపే చూచినది. 1961 నాటి ప్రసూతి సౌకర్యముల చట్టము 12 వారముల సెలవునిచ్చెను. 2017లో దానిని మొదటి ఇద్దరు బిడ్డలకు 26 వారములు చేసిరి. ఏబదిమంది, అంతకు మించి పనిచేయుచోట శిశుసంరక్షణ గది ఉండవలెననిరి. హర్షింపదగినదే. ఆ చట్టము తండ్రికి సెలవు మాట ఎత్తలేదు. కేంద్ర ప్రభుత్వోద్యోగియగు తండ్రికి 15 దినములు కలవు. ఆ సెలవును చుట్టములకు మిఠాయి పంచుటకును, ఆసుపత్రి లెక్కలు తీర్చుటకును వాడుకొని తిరిగి ఆఫీసుకు పోయినవారినే నేను ఎక్కువగా చూచితిని.

భర్త భార్యకు ‘సాయము’ చేయుచున్నాడని మెచ్చుకొనుట మన వాడుక. సాయము అనగా పని వేరొకరిదని అర్థము. తన బిడ్డను తాను ఎత్తుకొనుట సాయమెట్లగును? రాత్రి ఒక వేళ బిడ్డ బట్ట మార్చి, భుజమున వేసికొని త్రేన్పు వచ్చువరకు వీపు నిమురు పని తండ్రిదని నిర్ణయించినచో తల్లికి అరగంట నిద్ర మిగులును. సాయంకాలము ఒక గంట తండ్రిదని నిర్ణయించినచో ఆమె మేడమీదికి పోయి ఆకాశమును చూడవచ్చును. ఏమియు చేయక కూర్చుండవచ్చును. నిర్ణయించుట అను మాటను ఊరక వాడలేదు. ప్రతిదినము అడిగి పుచ్చుకొను విశ్రాంతిలో అడుగుట అనునదే ఒక పని. తండ్రికిని అలసట కలదు; బస్సులో నిలిచి వచ్చినవానికి గుమ్మములోనే బిడ్డనందించుట న్యాయము కాదు. కాళ్ళు కడుగుకొని కాఫీ త్రాగువరకు అతని గడియ అతనిది. తల్లిదండ్రులలో ఒక్కరే ఉన్న ఇండ్లు కూడ కలవు. అక్కడ ఆ చేతులు పొరుగువారివి, బంధువులవి కావలసియున్నవి. అట్టివారిని, ఏమైన కావలెనా అని అడుగుట కంటె, అరగంట బిడ్డను మాయింటికి తీసికొని పోదును అనుట మేలు.

మేము ఐదుగురిని పెంచలేదా, మాకెవరు నడుము వాల్చుమనిరి అని అడుగు పెద్దమ్మలు ప్రతి ఇంటను ఉన్నారు. వారి మాటను త్రోసివేయను. కాని ఆ ఐదుగురిని వారొక్కరే పెంచలేదు. అత్త, తోడికోడలు, వీధి అరుగు, పెద్దకూతురు కలిసి పెంచిరి. ఆ పెద్దకూతురి సంగతి మరల చెప్పుదును.

కొందరు తల్లులకు ఐదు నిమిషములు చాలవు, ఐదు గంటలును చాలవు. కాన్పైన పిదప వారముల తరబడి కారణము తెలియని దుఃఖము, బిడ్డమీద మనసు నిలువకపోవుట, నిద్రించు అవకాశమున్నను నిద్ర రాకపోవుట, బ్రతుకుమీద విరక్తి. ఇది అలసట కాదు, వ్యాధి. అభివృద్ధి చెందుచున్న దేశములలో కాన్పు తరువాత నూటికి ఇంచుమించు 20 మంది తల్లులకు మానసిక వ్యాధి, ముఖ్యముగా కుంగుబాటు, కలుగుచున్నదని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. దానికి చికిత్స కలదు, నయమగును. 2022 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వము ప్రారంభించిన టెలిమానస్ అను మానసికారోగ్య సేవకు 14416 అను సంఖ్యకు ఫోను చేయవచ్చును. దిష్టి తగిలినదని ఉప్పు తిప్పి ఊరకుండరాదు. ఉప్పు తిప్పినను తిప్పుదురు గాక; ఫోను మాత్రము చేయవలెను.

ఉపాధ్యాయులతో రెండు మాటలు. ప్రతి పాఠశాలలోను పాలు మాన్పని బిడ్డ గల ఉపాధ్యాయిని ఒకతె ఉండును. ఆమె మొదటి తరగతిగాని చివరి తరగతిగాని ఖాళీగా వచ్చునట్లు కాలపట్టిక వేయుటకు ప్రభుత్వోత్తరువు అక్కర లేదు. ప్రధానోపాధ్యాయుని చేతిలో పెన్సిలు చాలును. ఆ మార్పునకు తక్కినవారు సణిగినచో, వారి ఇండ్లలోని కోడండ్రు ఎక్కడ పనిచేయుచున్నారో మెల్లగా అడుగవచ్చును.

ఇక పెద్దకూతురు. తల్లి విశ్రాంతికి ఎవరి చేతులో కావలెనన్నపుడు మన ఇండ్లలో మొదట దొరకునవి పదిపండ్రెండేండ్ల బాలిక చేతులు. తమ్ముని చంకనెత్తుకొని బడి మెట్లమీద నిలిచిన అక్కను చూడని ఉపాధ్యాయుడు లేడు. 1975 అక్టోబరు 2న సమగ్ర శిశు అభివృద్ధి పథకము మొదలై, అంగన్‌వాడీలు ఊరూర వెలసిన తరువాత ఈ భారము కొంత తగ్గినది, పూర్తిగా పోలేదు. అంగన్‌వాడీ మూసిన వేళలలో, తల్లి పనికి పోయిన దినములలో అక్కయే ఉయ్యాల. తల్లికి నడుము వాల్చు గడియ కావలెనని ఇంతసేపు వాదించినవారమే, ఆ గడియను బాలిక లెక్కల తరగతినుండి కోసి ఇచ్చుటకు ఒప్పుకొనరాదు. బడి విడిచిన పిదప అరగంట తమ్ముని ఆడించుట వేరు, అది ప్రేమ. బడి మానుట వేరు.

హాజరుపట్టీలో వరుసగా ఆలస్యపు గుర్తులున్న బాలికను నిలువబెట్టి మందలించుటకు ముందు, ఇంట పసివారున్నారా అని అడుగవలెను. ఉన్నారనినచో, అన్నలున్నారా అని రెండవ ప్రశ్న. ఇట్లు అడిగి, పై తరగతిలోనున్న అన్నను పిలిపించి, వారమునకు మూడు దినములు వాని వంతు అని చెప్పిన ప్రధానోపాధ్యాయిని ఒకరిని నేనెరుగుదును. వాడు మొదట స్నేహితుల ముందు సిగ్గుపడెనట. ఇప్పుడు తమ్ముని భుజమున వేసికొనియే వీధి క్రికెట్టులో అంపైరుగా నిలుచుచున్నాడట; పసివాడు ఏ బంతికైనను చేయి పైకెత్తినచో, ఆడువాడు అవుటైనట్లే.